ఏడువందల ఎనభై గుర్రాలు, ఒక ట్రాక్టరు

మా ఊరి వ్యానుకు పదిహేనేళ్లు నిండిన రోజు పొద్దున అది ఎప్పటిలాగే మొదటి తిప్పుకే స్టార్టయింది. అది చేసిన తప్పు అదే. పదిహేనేళ్లు నిండిన సర్కారు బండి తుక్కు కింద లెక్క అని కొత్తగా రూలు వచ్చింది. తుక్కు స్టార్టు కాకూడదు. అందుకని మున్సిపాలిటీ వాళ్లు దాని బ్యాటరీ ఊడదీసి, స్టార్టు చేసి చూసి, కావడం లేదని కాగితం మీద రాసుకుని, క్రేనుకు తగిలించి తీసుకుపోయారు. డ్రైవరు మస్తాన్ వలీ దాని వెంట మలుపు దాకా నడిచాడు. నేను గుమ్మం దాటలేదు. సాగనంపడాలు నాకు పడవు.

ఆ వ్యానులో పన్నెండు సీట్లు. సోమ, బుధ, శుక్రవారాల్లో అది మా నాగులమెట్ట నుంచి తొమ్మిది మంది డయాలసిస్ రోగులను ఇరవై ఎనిమిది కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి తీసుకుపోయి సాయంత్రానికి తీసుకొచ్చేది. ఆ తొమ్మిది మందిలో నా చెల్లెలు నాంచారమ్మ ఒకతి. ఆసుపత్రిలో వీళ్ల వంతు తొమ్మిది గంటలకు. మా ఊరి మొదటి బస్సు బయలుదేరేదే తొమ్మిదిన్నరకు. ఒక వంతు తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండు తప్పితే పడుకున్నప్పుడు ఊపిరాడదు. మూడు తప్పితే ఎలా ఉంటుందో మాకు చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

కొత్త వ్యాను కోసం కమిషనర్ ఫణిభూషణరావు గారు నెల ముందే దరఖాస్తు పంపారు. ఆ దరఖాస్తు నకలు ఆఫీసు గోడకు అంటించారు కాబట్టి నేను చదివాను. గోడకు అంటించినవన్నీ నేను చదువుతాను. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు బస్సుల నెత్తిన ఊళ్ల పేర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను, మనవాళ్లు ఎక్కి పోతున్న బస్సు ఎక్కడికి పోతుందో తెలియాలని. దరఖాస్తులో రంగుకు గడి ఉంది. ఇంధనానికి గడి ఉంది. కాలుష్యం తగ్గించాలి కాబట్టి ఇంధనం దగ్గర 'హైబ్రిడ్' అని ముందే అచ్చువేసి ఉంది. సీట్ల సంఖ్యకు గడి లేదు.

రాజధానిలో ఏదో కేసులో పట్టుకున్న బండ్లను ఒక దొడ్లో పెట్టి, అడిగిన ఊళ్లకు పంచిపెడుతున్నారట. ఆ దొడ్లో హైబ్రిడ్ బండి ఒక్కటే ఉంది. అదే వచ్చింది.

లారీ మీద నుంచి దించుతుంటే ఊరంతా చూసింది. నారింజరంగు. నడుము కన్నా తక్కువ ఎత్తు. తలుపులు పక్కకు తెరుచుకోవు, కోడి రెక్కలు ఎత్తినట్టు పైకి లేస్తాయి. లోపల రెండు సీట్లు. ఒకటి డ్రైవరుది.

మస్తాను దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పెద్దమ్మా, మిగతాది రేపు వస్తదేమో," అన్నాడు నాతో.

మిగతాది రాలేదు. దాని బదులు ఉత్తర్వు వచ్చింది. కేటాయించిన వాహనాన్ని ముప్పై రోజుల్లోగా మూల్యాంకనం చేయాలి. బలాలు ఒక వరసలో, రాజీలు ఒక వరసలో రాసి మార్కులు వెయ్యాలి. రాజీల మార్కులు ఎక్కువైతేనే బండిని వెనక్కు తీసుకుని వేరేది ఇస్తారు. ఒక ఊరికి రోగుల బండి ఒక్కటే. మూల్యాంకన కమిటీలో కమిషనరు, ఇంజనీరు, అరవై ఐదేళ్లు దాటిన అక్షరాస్యురాలైన ఒక వినియోగదారు ఉండాలి. రోగుల్లో అలాంటివాళ్లు లేరు. రోగి బంధువు కూడా వినియోగదారే అని ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మాట నేనే చదివి చూపించాను. అది చదవగలిగాను కాబట్టి నన్ను అక్షరాస్యురాలి కింద వేసుకున్నారు.

సోమవారం ప్రారంభోత్సవం. మొదటి రోగిగా నాంచారమ్మను ఎంపిక చేశారు, తొమ్మిది మందిలో అందరికన్నా సన్నగా ఉన్నది అదే కాబట్టి. నిలబడి ఎక్కే బండి కాదది. దాన్ని దుప్పట్లో వేసి, నాలుగు కొసలూ నలుగురం పట్టుకుని దింపాం.

"ఏందే అక్కా, బావిలోకి దిగినట్టుంది," అంది లోపలి నుంచి.

"కాళ్లు చాపుకోవచ్చా?"

"చాపుకోక ఏం చేస్తానే? మడవటానికి చోటేదీ?"

ఇంజనీరు జయపాల్ గారు మైకు అందుకున్నారు. "ఏడువందల ఎనభై గుర్రాల శక్తి! సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి మూడు సెకన్లు! పెట్రోలు ఇంజను ఒకటి, కరెంటు మోటార్లు రెండు, అదే హైబ్రిడ్! రోగిని ఆసుపత్రికి చేర్చడంలో జరుగుతున్న జాప్యం ఈనాటితో చరిత్రలో కలిసిపోతుందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

కమిషనర్ గారు పచ్చజెండా ఊపారు. నేను చెయ్యి ఎత్తాను. ఎత్తి, చూద్దును గదా, కారు లేదు. నారింజ గీత ఒకటి రోడ్డు మీద కనపడి పోయింది. చెవులు గుయ్యిమన్నాయి. నాంచారమ్మ "వెళ్లొస్తానే" అందో లేదో తెలియలేదు.

ఇలాంటిది నాకు ఇంతకుముందు ఒకసారి జరిగింది. మా ఆయన బస్సెక్కుతూ కండువా మర్చిపోతే తేవడానికి ఇంట్లోకి వెళ్లాను. తెచ్చేసరికి బస్సు లేదు. ఆ బస్సు వాగు దాటలేదు. కండువా ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. అందుకని నేను ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నిలబడ్డాను.

కబురు రెండు నిమిషాల్లో వచ్చింది. కారు మూడువందల గజాల అవతల, చెక్‌పోస్టు దగ్గర మొదటి స్పీడ్‌బ్రేకర్ మీద కూర్చుంది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు. నేలకూ బండికీ మధ్య ఎత్తు నాలుగు అంగుళాలట. మేము పరుగెత్తి వెళ్లేసరికి నాంచారమ్మ రెక్క తలుపు కింద నుంచి తల బయటపెట్టి చూస్తోంది.

"ఆసుపత్రి వచ్చిందా మస్తానూ?"

"మన టీకొట్టే ఇంకా రాలేదు పిన్నమ్మా."

ఆ రోజు తొమ్మిది మందినీ పాలవ్యాను అతన్ని బతిమాలి క్యాన్ల మధ్య పంపించాం. అతను, రోజూ కుదరదమ్మా, పాలు విరుగుతాయి అన్నాడు.

సాయంత్రం కమిటీ మొదటిసారి కూర్చుంది. ఇదొక్కటే దారి అని నాకు తెలుసు. రాజీలు ఎక్కువని తేలితే కారు పోతుంది, వ్యాను వస్తుంది. తేలకపోతే నా చెల్లెలు పోతుంది. నేను రాజీలన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లాను.

జయపాల్ గారు బలాలు చదివారు. "గుర్రాల శక్తి ఏడువందల ఎనభై. కాబట్టి మార్కులు ఏడువందల ఎనభై."

"అదెట్లాగండీ?" అన్నాను.

"పరిమాణాత్మక మూల్యాంకనం అమ్మా. ఎంత సంఖ్య ఉంటే అన్ని మార్కులు. వ్యక్తిగత అభిప్రాయాలకు తావుండకూడదని పైవాళ్ల ఆదేశం. గరిష్ఠ వేగం మూడువందల ముప్పై. మూడువందల ముప్పై మార్కులు. ఇప్పుడు రాజీలు చెప్పండి."

"సీట్లు రెండేనండీ."

"రెండు మార్కులు," అని రాసుకున్నారు.

"నేల నుంచి ఎత్తు నాలుగంగుళాలే."

"నాలుగు."

"అసలు సీట్లే లేకపోతే ఎన్ని మార్కులండీ?"

ఆయన కలం ఆపి ఆలోచించారు. ఆయన మంచివాడే, ప్రశ్న అడిగితే ఆలోచిస్తారు. "సున్నా. అప్పుడు ఆ పద్దు కింద రాజీయే లేనట్టు."

"మరి తొమ్మిది మంది రోగులు పట్టరు గదండీ. అది పెద్ద రాజీ కాదా?"

"తప్పకుండా నమోదు చేద్దాం. తొమ్మిది మార్కులు. కాదు, ఒకరు పడతారు. ఎనిమిది."

కమిషనర్ గారు నా మొహం చూసి ఓదార్చారు. "అమ్మా, రాజీ అంటే లోపమని మీరు పొరబడుతున్నారు. బలం కోసం వాహనం చేసిన త్యాగమే రాజీ. దాన్ని మనం సానుభూతితో పరిశీలించాలి."

మొత్తం మీద బలాలు పదకొండువందల పది, రాజీలు పద్నాలుగు. నేను రాసుకొచ్చిన కాగితాన్ని మడిచి బొడ్డులో దోపుకున్నాను.

రోగికి ఒక సీటు ఉంది కాబట్టి రోజుకు ఒక రోగి అని పట్టిక తయారుచేసి గోడకు అంటించారు. వారానికి మూడు రోజులు, రోగులు తొమ్మిది మంది. అంటే ఒక్కొక్కరికి మూడు వారాలకు ఒక వంతు. పట్టిక చాలా శుభ్రంగా టైపు చేశారు. నాంచారమ్మ వంతు మొన్న సోమవారం అయిపోయినట్టు అందులో టిక్కు పెట్టి ఉంది.

బుధవారం తప్పింది. దాని చీలమండలు కనపడకుండా పోయాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది.

"కాళ్లు నున్నగా ఉన్నాయే అక్కా, పెళ్లినాటికి కూడా ఇట్లా లేవు," అంది.

"నోరుముయ్యి."

"మూస్తే ఊపిరెట్లా తీసుకునేది?"

ఆ రాత్రి దిండ్లు మూడు పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. తెల్లవారగానే నేను ఇంజనీరు గారి గుమ్మం ముందు ఉన్నాను.

ఆయన అప్పటికే స్పీడ్‌బ్రేకర్ల సమస్యకు పరిష్కారం కనిపెట్టారు. ఆసుపత్రి దాకా ఇరవై మూడు ఉన్నాయి. రోడ్డు వేరే శాఖది కాబట్టి వాటిని తీసెయ్యడానికి మనకు అధికారం లేదు. అందుకని ఒక్కొక్క స్పీడ్‌బ్రేకర్‌కూ అటూ ఇటూ చెక్కపలకలు పరిచి, కారు దాటాక ఎత్తుకుని తరవాతి దాని దగ్గరికి పరుగెత్తాలి. పలకలు ఎనిమిది. వాటిని మొయ్యడానికి రోడ్డు పనుల ట్రాక్టరు. అది కారుకు ముందు నడుస్తుంది.

"ట్రాక్టరు ఎంత స్పీడు పోతుందండీ?"

"గంటకు పద్నాలుగు కిలోమీటర్లు. కారు కూడా ఆ వేగాన్నే పాటిస్తుంది."

"ట్రాక్టరు వెనక ట్రక్కులో పలకలు తప్ప ఏముంటాయండీ?"

"ఏమీ ఉండవు. ఎందుకు?"

ఎందుకో చెప్పాను. ఆయన అదిరిపోయారు. సర్కారు ట్రాక్టరులో ప్రయాణికులా? రూలు ఒప్పుకోదు. సిబ్బంది మాత్రమే ఎక్కాలి. అప్పుడు నేను, పలకకు ఒకరు చొప్పున ఎనిమిది మంది సిబ్బంది కావాలి గదండీ, జీతం అడగని వాళ్లు ఎనిమిది మంది మన ఊళ్లో ఉన్నారు, వాళ్లకు వారానికి మూడు రోజులు ఆ వైపే పని ఉంది అన్నాను.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఎనిమిది మంది డయాలసిస్ రోగులు తలా ఒక పలకకు సంతకం పెట్టి ట్రక్కు ఎక్కారు. వాళ్ల హోదా 'ఎత్తు సర్దుబాటు సహాయకులు'. పలకలు నిజంగా పరిచి ఎత్తేది ట్రాక్టరు డ్రైవరూ, మస్తానూ. సహాయకులు పరుపుల మీద కూర్చుని, ఎవరి పలక ఏదో చూసుకునేవాళ్లు. తొమ్మిదో మనిషి కారులో. ఆ రోజు కారు వంతు బేలుదారి మేస్త్రి చెన్నయ్యది. దిగడానికి ఎక్కడానికి అరగంట పట్టేసరికి, ఇంక జన్మలో ఎక్కనని చెప్పాడు. సోమవారం నుంచి తొమ్మిది మందీ ట్రక్కులోనే. ఇంజనీరు గారు తొమ్మిదో పలక మంజూరు చేశారు.

కారు ఖాళీగా వెనక రావాలి. అది రాకపోతే స్పీడ్‌బ్రేకర్ల మీద పలకలు ఎందుకు? పలకలు లేకపోతే ట్రాక్టరు ఎందుకు?

పద్నాలుగు కిలోమీటర్ల వేగంలో ఆ కారు కరెంటు మీద నడుస్తుంది. చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. ట్రాక్టరు పోయింది గదా అని జనం రోడ్డు మీదికి దిగేవాళ్లు, వెనక ఈ కారు. రెండు కోళ్లు పోయాక, చప్పుడు చెయ్యని వాహనానికి హెచ్చరిక ఉండాలని జయపాల్ గారు, దండోరా వేసే మనిషిని ట్రక్కు చివర కూర్చోబెట్టారు. అతను కారు వైపు తిరిగి డప్పు కొడుతుంటాడు. ముందు డప్పు, పరుపుల మీద నీరసంగా మనుషులు, వెనక నెమ్మదిగా వస్తున్న బండి. దారిలో ఊళ్లవాళ్లు టీగ్లాసులు కింద పెట్టి లేచి నిలబడేవాళ్లు. ఒకాయన చేతులు జోడించి, ఎప్పుడు జరిగిందమ్మా అని అడిగాడట.

"ఇంకా టైం ఉందిలే నాయనా, కూర్చో అన్నాను," అని చెప్పి నాంచారమ్మ పడిపడి నవ్వింది. దాని చీలమండలు మళ్లీ కనపడుతున్నాయి.

దొడ్లో పోసి పంపిన పెట్రోలు రెండు వారాలకు అయిపోయింది. అది మామూలు పెట్రోలు తాగదు. దానికి కావలసిన రకం మా జిల్లాలోనే దొరకదు. బ్యాటరీ పది కిలోమీటర్లు వస్తుంది. మిగతా పద్దెనిమిదీ తాడు కట్టి ట్రాక్టరుతో లాగించారు. మస్తాను ఖాళీ కారులో స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు.

"మా వ్యాను ముసలిదైనా నన్ను అది మోసేది పెద్దమ్మా," అన్నాడు. "దీన్ని నేను మోస్తన్నా."

లాగుతుంటే చక్రాలు తిరిగి బ్యాటరీ మళ్లీ నిండుతోందని జయపాల్ గారు గమనించి, ఎంతో సంతోషించి, దాన్ని బలాల వరసలో చేర్చారు. పద్దెనిమిది మార్కులు.

ముప్పయ్యో రోజున రాజధాని నుంచి మూల్యాంకన అధికారి వచ్చారు. మంచినీళ్ల సీసా, ఫైలు, ఇస్త్రీ చొక్కా. నివేదిక చదివి మెచ్చుకున్నారు. "రెండు సీట్ల వాహనంతో తొమ్మిది మంది రోగులను క్రమం తప్పకుండా తరలించిన ఏకైక పురపాలక సంఘం మీది. ఇతర పట్టణాలకు ఆదర్శంగా ప్రకటించవలసిందిగా సిఫారసు చేస్తాను." తరవాత కిటికీలోంచి బయటికి చూశారు. "ఆ ట్రాక్టరు ఏమిటి?"

జయపాల్ గారు చెప్పారు.

"అది డీజిలు వాహనం. పైగా పదమూడేళ్లది. ఒక ఊరికి రోగుల వాహనం ఒక్కటే. సూపర్‌కారు ఇంత సమర్థంగా పనిచేస్తున్నప్పుడు ట్రాక్టరు అదనం. రేపటి నుంచి దాన్ని ఉపసంహరించండి."

కమిషనర్ గారు "తగు చర్య నిమిత్తం..." అని రాసుకోవడం మొదలుపెట్టారు. రేపు బుధవారం. బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు.

"అయ్యా, ట్రాక్టరు వేరే బండి కాదండీ."

"అంటే?"

"హైబ్రిడ్ అంటే రెండు రకాల ఇంజన్లు ఒకే బండిని నడపడమని ఈ బాబుగారే మైకులో చెప్పారు. ఈ కారుకు కరెంటు మోటార్లు లోపల ఉన్నాయి. ఇంకో ఇంజను ముందు ఉంది. మధ్యలో తాడు ఉంది. తాడు విప్పితే కారు నడవదు. నడవాలంటే అది ఉండాలి. అది లేకపోతే ఇది హైబ్రిడ్ కాదు. హైబ్రిడ్ కాకపోతే మీరు అచ్చువేసిన దరఖాస్తు ప్రకారం మా ఊళ్లో ఉండకూడదు."

అధికారి ఫైలు తిరగేశారు. తాడు గురించి అందులో ఏమీ లేదు.

జయపాల్ గారు గొంతు సవరించుకున్నారు. ఆలోచించే మనిషని చెప్పాను గదా. "సాంకేతికంగా ఆమె వాదన నిలబడుతుందండి. బాహ్య ఇంజను. పైగా దాని నలభై గుర్రాలు కలిపితే మొత్తం ఎనిమిదివందల ఇరవై అవుతాయి."

"ఎనిమిదివందల ఇరవయ్యా?" అన్నారు అధికారి. ఆయన మొహం విప్పారింది. "రాష్ట్రంలో ఏ పట్టణానికీ లేదు."

ట్రాక్టరును కారు ఉపకరణాల పట్టీలో, అద్దం తుడిచే గుడ్డకూ విడి చక్రానికీ మధ్య చేర్చారు. ఇంక దాన్ని ఎవరూ కదిలించలేరు. కారుకు పదిహేనేళ్లు నిండేదాకా.

చివరగా నివేదికలో నాకు కేటాయించిన గడి ఒకటి మిగిలింది. వినియోగదారు గుర్తించిన బలం ఏదైనా ఉంటే ఒక వాక్యంలో రాయాలి. నేను కలం అడిగి తీసుకుని రాశాను: 'ఈ బండి కనుమరుగు కావడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది.'

అధికారి చదివి కళ్లజోడు తీశారు. "ఇది బలమా, రాజీయా?"

"బలమేనండీ."

ఇరవై రెండు మార్కులు వేశారు.

బుధవారం పొద్దున ఆరింటికి తొమ్మిది మందీ ఎక్కారు. డప్పు మోగింది. తాడు బిగిసింది. నారింజ కారు మస్తానుతో సహా ఒక్క కుదుపు కుదిపి కదిలింది. నాంచారమ్మ పరుపు మీద వెనక్కు తిరిగి కూర్చుని, "పోయొస్తానే అక్కా!" అంది. నేను చెయ్యి ఎత్తాను. ఊపాను. తీరిగ్గా దించాను. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగి పలకలు పరుస్తుంటే నడిచి వెళ్లి మళ్లీ కలుసుకున్నాను.

"మళ్లీ వచ్చావేందే?"

"ఊరికే."

"వచ్చినదానివి ఎక్కు, ఒక పలక నీకూ ఇస్తారు."

రెండో స్పీడ్‌బ్రేకర్ దాకా కూడా వెళ్లాను. అక్కడి నుంచి రోడ్డు తిన్నగా పోతుంది. ట్రాక్టరు చిన్నదైపోతూ ఉంది, కానీ పోలేదు.

"గోంగూర చెయ్యవే!" అని అరిచింది.

"నీకు పనికిరాదు గదే!"

"నాక్కాదు, నీకే! నేను వాసన చూస్తా!"

ఆ తరవాత కూడా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. పక్కవాళ్లు నవ్వారు. దండోరా మనిషి కూడా డప్పు ఆపి నవ్వాడు. నాకు మాత్రం వినపడలేదు. సాయంత్రం వచ్చాక అడగాలి.